కథానగర దర్శనము

ప్రతి బాలుని మనస్సులోను, ప్రతి బాలిక మనస్సులోను కన్నులతో చూడని నగరమొకటి యుండును. దాని కోటగోడలు మేఘముల నంటుచుండును. అగడ్తలలో మొసళ్ళు తిరుగుచుండును. సింహద్వారము కడ ఏనుగులు ఘీంకరించుచుండును. ఆ నగరమునకు దారి యే భూగోళపటమునందును కానరాదు. కథ చెప్పువారి నోటివెంటనో, అచ్చుపుటల వెంటనో మాత్రమే అచ్చటికి చేరవలెను. అట్టి నగరమును నిజముగా నేలపై నిలిపి, తలుపులు తెరచి, పిల్లలను లోనికి పిలిచినచో నెట్లుండును? ఇరువదవ శతాబ్దపు నడుమనుండి లోకమున పలుచోట్ల ఇట్టి ప్రయత్నములు జరిగినవి. తెలుగునాటను అట్టి చోటొకటి కలదు. దానిని చూచుటకు పోవు విద్యార్థి ఏమి చూచును, ఏమి తెలిసికొనును, అతని ఊహకు మేలు కలుగునా, కీడు కలుగునా యనునది ఆలోచింపదగిన విషయము.

గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి యున్నది. చుట్టును నల్లరేగడి భూములు. వానలు కురిసిన నాళ్ళలో ప్రత్తిచేలు, మిరపచేలు పచ్చగా పరచుకొనియుండును. మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి కల్లములలో ఎండబోసిన మిరపపండ్లతో నేల ఎఱ్ఱబారును. కనుచూపు మేర చదునైన భూమియే తప్ప మిట్టయైనను కానరాదు. ఇట్టి సీమలో పెరిగిన పిల్లలకు ఏడంతస్తుల మేడలును, మంత్రపు గుహలును, సముద్రమధ్యమున వెలసిన ద్వీపములును ఎట్లు పరిచయమైనవి? కథల వలననే.

పూర్వము పల్లెలకు తోలుబొమ్మలాటవారు వచ్చెడివారు. ఊరి నడుమ గుంజలు పాతి, తెల్లని వస్త్రము కట్టి, దాని వెనుక దీపము వెలిగించెడివారు. తోలును పలుచగా చేసి, రంగులద్ది, సన్నని రంధ్రములు పొడిచిన బొమ్మలు ఆ వెలుగులో కదలగనే అయోధ్యయు, లంకయు కన్నుల యెదుట వెలసెడివి. తెల్లవారునప్పటికి గుంజలు పాతిన గుంటలు మాత్రమే మిగిలెడివి. నేడును శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గ్రామమున ఇట్టి బొమ్మలను చేయు కుటుంబములు కలవు. ఒక గుడ్డ, ఒక దీపము, కొన్ని తోలుముక్కలు. వీనితో లంకానగరము నిర్మింపవచ్చునని ఆ కళాకారులు నిరూపించిరి. మిగిలిన గోడలను, గోపురములను చూచువారి మనస్సే కట్టుకొనెడిది.

తరువాత అచ్చుపుస్తకముల కాలము వచ్చెను. 1947 జూలై నెలలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసునుండి ‘చందమామ’ మాసపత్రికను ప్రారంభించిరి. చక్రపాణిగారు తెనాలివారు. పెక్కేండ్లు ఆ పత్రికకు సంపాదకత్వము వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే. తెనాలి ప్రాంతమునకే చెందిన దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ పత్రికలో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ మొదలగు ధారావాహికలను వ్రాసిరి. ‘చిత్ర’ అను పేరుగల చిత్రకారుడు వానికి బొమ్మలు వేసెను. నెలకొక భాగము మాత్రమే వెలువడెడిది. కథానాయకుడు కొండకొమ్మ నుండి జారిపడుచుండగా ఆ నెల భాగము ముగిసెడిది. మరుసటి సంచిక వచ్చువరకును పాఠకుడు తానే ఆ కొండ క్రిందనున్న లోయను ఊహించుకొనుచు కాలము గడపవలసియుండెడిది. ఆ పత్రిక ముద్రణ నేడు ఆగిపోయినను, పాత సంచికలను భద్రముగా దాచుకొన్నవారు తెలుగునాట నింకను కలరు.

కథానగరమును కంటికి కట్టించుటలో చలనచిత్రము మరియొక మెట్టు. నాగిరెడ్డి, చక్రపాణి గారలే నిర్మించిన ‘పాతాళభైరవి’ 1951లోను, ‘మాయాబజార్’ 1957లోను వెలువడినవి. రెండింటికిని దర్శకులు కె. వి. రెడ్డిగారు. ‘మాయాబజార్’లో కనిపించు ద్వారకానగరము మద్రాసు స్టూడియోలో 50, 60 అడుగుల మేర గల తావున అమర్చిన బొమ్మరిండ్ల సముదాయము! చిన్నచిన్న మేడలను చేసి, వానిలో దీపములు వెలిగించి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దానిని మహానగరముగా చూపెను. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ గారలు. చిత్రము ముగిసిన పిదప ఆ ద్వారక మిగులలేదు. ఆ స్టూడియో యుండిన వడపళని ప్రాంతమున కొంతభాగము నేడు పెద్ద అంగళ్ళ భవనముగా మారినది. శ్రీకృష్ణుని ద్వారక సముద్రములో మునిగెనని పురాణము చెప్పును. ఈ ద్వారక కాలములో మునిగినది.

కథను తెరపై చూచుటతో తృప్తిపడక, అందులో నడచి తిరుగవలెనను కోరిక మనుజులకు కలిగెను. నెదర్లాండ్సు దేశమున ఎఫ్టెలింగ్ అను ఉద్యానమునందు 1952లో ‘కథల అడవి’ యొకటి వెలసినది. అంటోన్ పీక్ అను చిత్రకారుడు దానికి రూపకల్పన చేసెను. పిల్లలు చెట్లనడుమ నడచుచు, పాత కథలలోని కుటీరములను, కోటలను దర్శింతురు. 1955 జూలై 17వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వాల్ట్ డిస్నీ ‘డిస్నీలాండు’ను ప్రారంభించెను. 2010లో ఫ్లోరిడా రాష్ట్రములోని ఒర్లాండో నగరమున, జె. కె. రౌలింగ్ వ్రాసిన హ్యారీ పాటర్ కథలలోని మాంత్రిక విద్యాలయమును కోటగా నిర్మించి సందర్శకులకు చూపిరి. ఆ కథల మొదటి పుస్తకము 1997లో వెలువడినది. చిన్ననాట దానిని చదివినవారు పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకొని ఆ కోటకు పోవుచున్నారు.

తెలుగువారికి ఇట్టి చోటు హైదరాబాదు చెంతనున్న రామోజీ ఫిల్మ్ సిటీ. కృష్ణా జిల్లాకు చెందిన చెరుకూరి రామోజీరావుగారు (1936–2024) దీనిని 1996లో నెలకొల్పిరి. 1,666 ఎకరముల విస్తీర్ణము గల ఈ ప్రదేశము ప్రపంచములోని చలనచిత్ర నిర్మాణకేంద్రము లన్నింటిలో పెద్దదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున 2015లోను, 2017లోను రెండు భాగములుగా వెలువడిన ‘బాహుబలి’ చిత్రములలోని మాహిష్మతీ నగరమునకు ఇచ్చటనే సెట్టింగులు వేసిరి. చిత్రము పూర్తియైన పిమ్మట వానిని కూలద్రోయక సందర్శకుల కొరకు నిలిపియుంచిరి. ద్వారకకు దక్కని భాగ్యము మాహిష్మతికి దక్కినది.

ప్రత్తిపాడు నుండి ఈ నగరమునకు పోవు దారియును విద్యార్థులకు పాఠము వంటిదే. తెల్లవారుజామున బయలుదేరిన బస్సు గుంటూరు, సత్తెనపల్లి దాటి పిడుగురాళ్ళ చేరును. అది సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరు. అచ్చటికి సమీపముననే కారెంపూడి కలదు. పన్నెండవ శతాబ్దమున పల్నాటి యుద్ధము జరిగినది ఆ ప్రాంతమునందే. ప్రతి సంవత్సరమును కార్తీకమాసాంతమున అచ్చట వీరారాధనోత్సవములు జరుగును. దాచేపల్లి దాటిన పిదప కృష్ణానది అడ్డము వచ్చును. వంతెన దాటగనే తెలంగాణములోని వాడపల్లి. మూసీనది కృష్ణలో కలియునది అచ్చటనే. ఆపైన మిర్యాలగూడ, నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ–హైదరాబాదు రహదారిని చేరి, చౌటుప్పల దాటి పోయినచో ఫిల్మ్ సిటీ వచ్చును. ఒక్క ప్రయాణములో రెండు విధములైన కథాస్థలములు తెలియుచున్నవి. కారెంపూడిలో కథ నిజముగా జరిగినది. చూచుటకు మిగిలినది కొంచెము. మాహిష్మతిలో కథ జరుగనే లేదు. చూచుటకు మాత్రము ఎంతయో యున్నది.

ద్వారము కడ బస్సు దిగినవారిని లోపలి బస్సులు ఎక్కించుకొని త్రిప్పును. దారిలో ఒక రైలుస్టేషను కనిపించును. దానికి రైలు రాదు. ఒక విమానాశ్రయము కనిపించును. దానిపై విమానము వాలదు. పలకమీది పేరు మార్చినచో ఒకనాటి ఊరు మరునాడు వేరొక ఊరగును. ఇవి యన్నియు దాటి మాహిష్మతి చేరిన పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దులగుదురు. విశాలమైన ప్రాంగణము, తలయెత్తి చూడవలసిన స్తంభములు, భారీ ఏనుగు ప్రతిమలు, రాజప్రాసాదపు మెట్లు. తెరపై చూచిన చోటనే తాము నిలుచుంటిమని గ్రహింపగానే కేకలు మొదలగును. ఒకడు మెట్టుపై నిలిచి రాజువలె చేయి యెత్తును. ఒకతె రాజమాతవలె నడచును. ఆ కొద్దిసేపు వారు ప్రత్తిపాటి విద్యార్థులు కారు, మాహిష్మతీ పౌరులు.

అంతలో ఎవడో ఒక బాలుడు ఒక స్తంభమును వ్రేలితో తట్టి చూచును. రాతిధ్వని రాదు. బోలుధ్వని వచ్చును. “ఒరే, ఇది రాయి కాదురా!” అని కేక వేయును. గోడ వెనుకకు తొంగిచూచినవారికి అచ్చట గది యుండదు. గోడను నిలబెట్టిన ఇనుపగొట్టములు, కఱ్ఱలు కనిపించును. కొందరు నవ్వుదురు. కొందరు చిన్నబోవుదురు. ఇంత దూరము వచ్చి చూచినది ఇదియేనా యని వారికి తోచును. అయితే విజ్ఞానయాత్ర నిజముగా మొదలగునది ఈ క్షణముననే.

సెట్టింగు నిర్మాణము చిత్రలేఖనముతో ప్రారంభమగును. కళాదర్శకుడు ముందుగా నగరమును కాగితముపై గీయును. ‘బాహుబలి’కి ఆ పనిచేసినవారు సాబు సిరిల్ గారు. పిమ్మట దానికి చిన్న నమూనాను తయారుచేయుదురు. కెమెరా ఎచ్చట నిలుచునో, ఏ గోడ ఎంతవరకు కనిపించునో నిర్ణయింతురు. కనిపింపని భాగమును కట్టుట ధనవ్యయము, కాలవ్యయము. అందువలననే గోడకు ముందువైపు మాత్రమే యుండును. వడ్రంగులు కఱ్ఱతోను, ప్లైవుడ్డుతోను చట్రములు కట్టుదురు. శిల్పులు ఒక బొమ్మను మట్టితో మలచి, దానినుండి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను గాని, ఫైబరు గ్లాసును గాని పోసి, ఒకే తీరు బొమ్మలను కావలసినన్ని చేయుదురు. వినాయకచవితికి అచ్చుతో మట్టిబొమ్మలు చేయుట చూచినవారికి ఈ పద్ధతి సులభముగా తెలియును.

చివరిపని రంగులు వేయువారిది. వారి పనియే మిక్కిలి కష్టము. ఇల్లు కట్టుకొన్నవాడు గోడ క్రొత్తగా కనిపింపవలెనని రంగు వేయించును. ఇచ్చటి రంగులపనివాడు క్రొత్తగోడను వందలయేండ్ల నాటిదిగా చూపవలెను. వాననీరు కారిన చారలు, పొగపట్టిన మూలలు, చేతులు తగిలి నునుపెక్కిన అంచులు, ఇవి యన్నియు కుంచెతో పుట్టింపవలెను. నిజమైన పాతగోడను ఎన్నడును శ్రద్ధగా చూడనివాడు ఈ పని చేయలేడు.

కంటిని మరపించు ఉపాయము మరియొకటి కలదు. మిరపచేని గట్టుపై నిలిచి సాళ్ళవెంట చూచినచో, దగ్గరనున్న సాళ్ళు ఎడముగాను, దూరమున నున్నవి ఒకదానికొకటి చేరువగాను కనిపించును. సాళ్ళ నడుమ ఎడము అంతటను ఒకటియే. దూరము పెరిగినకొలది వస్తువు చిన్నదిగా కనిపించుట కంటి స్వభావము. శిల్పులు ఈ స్వభావమును తలక్రిందు చేసి వాడుకొందురు. వస్తువును నిజముగానే చిన్నదిగా చేసినచో, అది దూరమున నున్నదని కన్ను నమ్మును. డిస్నీలాండులోని కోట యెత్తు 77 అడుగులు మాత్రమే. దాని క్రిందిభాగపు రాళ్ళను పెద్దవిగాను, పైకి పోయినకొలది చిన్నవిగాను చేసిరి. అందుచే అది మిగుల ఎత్తైనదిగా తోచును. ‘మాయాబజార్’లోని ద్వారక కూడ ఈ దృష్టిశాస్త్రము మీదనే నిలిచినది.

ఇంత చేసినను, తెరపై కనిపించిన మాహిష్మతి యంతయు ఫిల్మ్ సిటీలో లేదు. ఉండుటకు వీలును లేదు. మిగిలినది కంప్యూటరులో నిర్మింపబడినది. నటుల వెనుక నీలపు లేక ఆకుపచ్చని తెరను కట్టి ఛాయాగ్రహణము చేయుదురు. ఆ రంగులు మనుష్యుల చర్మపు రంగునకు దూరమైనవి గనుక, కంప్యూటరు వానిని సులభముగా వేరుచేసి తొలగింపగలదు. తొలగించిన చోట కొండలను, గోపురములను, సేనలను చేర్చుదురు. మొదటి భాగములో నాయకుడు ఎగబ్రాకిన జలపాతము కొంతవరకు కేరళములోని ఆతిరప్పిళ్ళి జలపాతము. అది సుమారు 80 అడుగుల ఎత్తు గలది. తెరపై ఆకాశమునంటునట్లు కనిపించుట కంప్యూటరు చేసిన పని. కాలకేయులు మాటాడిన ‘కిలికి’ భాషయు కల్పితమే. మదన్ కార్కీ అను రచయిత దానికి మాటలను, వ్యాకరణమును కల్పించెను. మాహిష్మతి యను పేరు మాత్రము కల్పితము కాదు. నర్మదాతీరమున మాహిష్మతి యను ప్రాచీననగరము ఉండెడిదని పురాణములు చెప్పుచున్నవి. పేరు పాతది; ఊరు క్రొత్తది.

రహస్యము తెలిసినచో ఆనందము పోవునా? పోవుననియే మొదట తోచును. కాని గారడి చేయువాని రహస్యమునకును, శిల్పి రహస్యమునకును భేదము కలదు. గారడివాని కిటుకు తెలిసిన పిదప మరల చూడ బుద్ధి పుట్టదు. స్తంభము బోలుదని తెలిసిన విద్యార్థి మాత్రము ఇంటికి వచ్చి ఆ చిత్రమును మరల చూచును. ఈసారి అతడు రాజును మాత్రమే చూడడు. గోడమీది వానచారను చూచును. దానిని గీసిన చేతిని తలంచును. మొదటిసారి చూచినపుడు నగరమునకు ఒక రాజే యుండెను. ఇపుడు వడ్రంగులు, శిల్పులు, రంగులవారు, దీపములవారు కూడ దాని పౌరులైరి.

అసలు కీడు వేరొకచోట నున్నది. ఒక తరగతిలోని ముగ్గురు విద్యార్థులకు ‘కంచుకోట’ యను పేరు మాత్రము చెప్పి, ఆ కోటను గీయుడనినచో మూడు వేర్వేరు కోటలు వచ్చును. ఒకని కోటకు బురుజులు గుండ్రముగా నుండును. ఒకతె కోటచుట్టు అగడ్తకు బదులు మిరపచేను ఉండినను ఉండవచ్చును. మాహిష్మతిని గీయుడనినచో ముగ్గురును ఒకే నగరమును గీయుదురు. చూచినది చూచినట్లు కుదురుకొని, వేరొకదానికి తావీయదు. అందముగా నిర్మించిన నగరమెంత గొప్పదో, అది ఊహకు అంత బలమైన గోడ. తోలుబొమ్మలవాడు గుడ్డమీద నీడను మాత్రమే చూపి మిగిలినది చూచువానికి వదలెను. ‘చందమామ’ నెలకొక భాగము చెప్పి మిగిలినది పాఠకునికి వదలెను. సంపూర్ణముగా నిర్మించిన నగరము ఏమియు వదలదు.

అందుచే ఇట్టిచోట్లకు పోరాదని కాదు. పోవుటకు ముందొక పని, వచ్చిన తరువాత నొక పని చేయవలెను. పోవుటకు ముందు ప్రతి విద్యార్థియు తనకు నచ్చిన కథలోని నగరమును కాగితముపై గీసి దాచుకొనుట మంచిది. తిరిగివచ్చిన పిదప దానిని తీసి, తానే కళాదర్శకుడైనచో ఆ నగరమును ఎట్లు నిలబెట్టునో ఆలోచింపవలెను. ఏ గోడ కనిపింపవలెను? ఏది కనిపింపనక్కరలేదు? దేనిని మట్టితో, దేనిని కఱ్ఱతో చేయవలెను? అట్టపెట్టెలు, వెదురుబద్దలు, ప్రత్తికట్టెలు ఏ యూరనైనను దొరకును. అట్లు చేసిన చిన్నకోట వంకరగా నిలిచినను తప్పు లేదు. అది మరెక్కడను లేని కోట.

‘మాయాబజార్’లోని ద్వారకకు రూపమిచ్చిన గోఖలేగారు గుంటూరు జిల్లావారు. ‘రాకాసిలోయ’ను వ్రాసిన సుబ్రహ్మణ్యముగారు ఆ జిల్లాలోని తెనాలి ప్రాంతమువారు. చక్రపాణిగారును అచ్చటివారే. వీరు బాలురై యున్నపుడు టికెట్టు కొని చూచుటకు కథానగర మేదియు తెలుగునాట లేదు. కొండలు లేని చదునునేల, చేలు, కాలువలు, రాత్రివేళ పెద్దలు చెప్పిన కథలు మాత్రమే యుండినవి. ఆ నేలమీదనుండియే వారు ద్వారకను, రాక్షసులు తిరుగు లోయలను చూడగలిగిరి. చూచినదానిని ఇతరులకు చూపగలిగిరి.